చుక్కతో మొదలయ్యే పేర్లు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు నలుగురు. వెనకవైపు రేకు కింద బొగ్గుల పొయ్యి ముందు అత్తగారు. ముందు గదిలో సైకిలు చైను విప్పి పాత పేపరు మీద పరుచుకుని భర్త. కిటికీ గట్టు మీద కాళ్లు ముడుచుకుని మరదలు. ఆ మరదలి వెనక నిలబడి, జుట్టులోంచి దూది నలుసులు ఒక్కొక్కటే ఏరుతూ చుక్కలమ్మ.

చుక్కలమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. ఆఫీసులో పెట్టిన పేరు ఎలాగో ఇంటిదాకా నడిచొచ్చింది. మరదలి పేరు కూడా పిట్ట కాదు. చిన్నప్పటి నుంచీ బక్కగా ఉండటం వల్ల అలా పిలవడం అలవాటైంది.

“నలుగురం కాదు వదినా, ఐదుగురం. నా దగ్గుని మర్చిపోయావు,” అంది పిట్ట, ఒకసారి దగ్గి.

“దానికీ ఒక కంచం పెట్టమంటావా?”

“పెట్టు. నాకంటే ముందు లేస్తుంది, నాకంటే ఆలస్యంగా పడుకుంటుంది. ఇంట్లో పని మాత్రం ముట్టుకోదు. అచ్చం మా అన్నయ్యే.”

“వినపడింది,” అన్నాడు అన్నయ్య ముందు గదిలోంచి.

“వినపడాలనే అన్నా.”

చుక్కలమ్మ నవ్వుతూ ఏరిన నలుసులను ఎడమ అరచేతిలో పోగు చేసింది. పిట్ట బట్టల మిల్లులో దూది ఏకే హాలులో పనిచేస్తుంది. తొమ్మిదేళ్లుగా యంత్రం పళ్లలో చిక్కుకున్న దూదిని కొక్కెంతో లాగి శుభ్రం చేయడమే పని. ఎంత దులుపుకున్నా నలుసులు చెవుల వెనక, కనుబొమల్లో, మెడ మడతల్లో ఇంటికి వచ్చేస్తాయి. తలంటుకున్న రోజు కూడా వస్తాయి.

బయట చినుకులు మొదలయ్యాయి. రేకు మీద చప్పుడు పెరిగేసరికి అత్తగారు గొంతు పెంచింది.

“గొడుగు తెండర్రా ఎవరైనా! నాకు కాదు, పొయ్యికి!”

ఆ పొయ్యి అంతకు ముందు లోపల ఉండేది. పోయినేడు మిల్లులో ఊపిరి పరీక్షలు జరిగాయి. నాలుగు వందల పన్నెండు మంది గొట్టంలో ఊదారు. ఒక్కొక్కరిని నలభై ఒక్క ప్రశ్నలు అడిగారు. ఏ హాలులో పని, ఎన్నేళ్లుగా, పొగ తాగుతారా, ఇంట్లో ఏ పొయ్యి, వంటింటికి కిటికీ ఉందా, ఇలాంటివి. ఆ కార్డులన్నీ చుక్కలమ్మ పనిచేసే గణాంక విభాగానికి వచ్చాయి. ఊపిరి తగ్గడానికి ముఖ్య కారణం ఇంటి పొయ్యి పొగ అని నివేదిక తేల్చింది. మిల్లు హాలులో దుమ్ము పీల్చే గొట్టాలు పెట్టనక్కర లేదన్నారు మిల్లువాళ్లు. దానికి బదులు ‘వంటింటి కిటికీ తెరిచి ఉంచండి’ అన్న కాగితం గోడకు అంటించారు. ఆ వారమే చుక్కలమ్మ స్వయంగా పట్టుబట్టి పొయ్యిని బయటపెట్టించింది. నివేదికలో ఉందత్తయ్యా అంటే ఆవిడ కాదనలేదు.

చుక్కలమ్మ గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది. అత్తగారు బొగ్గులు ఎగదోస్తూ కోడలి వైపు చూడకుండా అంది.

“ఏడాదిగా వానలో వండుతున్నాను. పొయ్యి బయటికొచ్చింది, నేను బయటికొచ్చాను. దాని దగ్గు మాత్రం మాతోపాటు బయటికి రాలేదేం?”

“తగ్గడానికి టైం పడుతుందత్తయ్యా.”

“ఏమోనమ్మా. చదువుకున్నదానివి,” అని ఆవిడ గిన్నె మీద మూత పెట్టింది.

*

సోమవారం ఉదయం గణాంక విభాగం అధిపతి పెద్దసారు ఆమెకో ఉత్తరం పంపారు. ఎవరో, ఎక్కడో చదువుకుంటున్న అమ్మాయి రాసింది. ‘మీ ప్రోగ్రామ్‌లో నా ఫైలును ఒక వరుసలో పేర్చి నడిపితే ఒక జవాబు వస్తోంది, అదే ఫైలును తిరగేసి నడిపితే ఇంకో జవాబు వస్తోంది. పొరపాటు నాదే అయి ఉంటుంది, మన్నించండి.’ పైన పెద్దసారు ఒక్క ముక్క చేర్చారు: ‘చూడు.’

ఆ ప్రోగ్రామ్ పెద్దసారు పేరు మీద దేశదేశాల్లో నడుస్తోంది. ఒక అంకె ఎందుకు పెరుగుతోంది, ఎందుకు తగ్గుతోంది అని తెలుసుకోవడానికి నలభై ప్రశ్నలు అడిగామనుకోండి. ఆ నలభై జవాబులనూ ఒక్కసారిగా చూస్తే ఏమీ తేలదు. అందుకని ఈ ప్రోగ్రామ్ ఆ నలభైనీ కలిపి ఒకటి రెండు దిక్కులుగా కుదిస్తుంది. ఈ దిక్కున చూడు, అసలు సంగతి ఇక్కడుంది అని చూపిస్తుంది. వాడేవాళ్లకు కనిపించేది ఒకే ఒక్క పెద్ద ఫంక్షన్, అంటే పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడు. దానికి పెద్దసారి పేరు. కానీ అది పిలవగానే లోపల ఇరవై మూడు చిన్న ఫంక్షన్లు లేచి పరిగెత్తుతాయి. ఒకటి మనుషుల్ని ముక్కలుగా విడదీస్తుంది, ఒకటి ముక్క ముక్కకూ సగటు తీస్తుంది, ఒకటి అంకెలన్నిటినీ ఒకే కొలతకు తెస్తుంది, ఒకటి ఖాళీలున్న వరుసల్ని పక్కన పెడుతుంది. ఆ ఇరవై మూడూ చుక్కలమ్మ ఎనిమిదేళ్లలో రాసినవి. లోపలి పనివాళ్ల పేర్లు చుక్కతో మొదలవ్వాలని అక్కడి పద్ధతి. చుక్కతో మొదలైన పేరు జాబితా అడిగితే రాదు, వాడుక పుస్తకంలో ఉండదు. రికార్డుల గుమాస్తా ఒకరోజు ఆమె తెర మీదికి తొంగి చూసి, “ఇదేంటమ్మా, ఇన్ని చుక్కలు! చుక్కలమ్మా, వర్షం పడుతోందా?” అన్నాడు. ఆ పేరు అలా అంటుకుపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని గుమాస్తానే ఇంకోసారి అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ మాట మటుకు మర్చిపోలేదు.

ఆమె ముక్కలు కోసే ఫంక్షన్ తెరిచింది. ఎనిమిది వరుసల కోడు. ఆమె మొదట రాసింది అదే. పరీక్షించడానికి ఎప్పుడూ దగ్గరుండే మిల్లు ఫైలునే తీసుకుని నడిపింది. మొదటి దిక్కులో అన్నిటికంటే పెద్ద అంకె ‘ఇంటి పొయ్యి’ పక్కన వచ్చింది. నివేదికలో ఉన్నదే. తర్వాత ఫైలును తలకిందులుగా తిప్పి నడిపింది.

పెద్ద అంకె ‘దూది ఏకే హాలు’ పక్కకు మారింది.

ఆమె చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి మళ్లీ నడిపింది. మళ్లీ అదే.

మధ్యాహ్నం భోజనానికి అందరూ లేచారు, ఆమె లేవలేదు. కాగితం మీద చేత్తో గీసుకుంటూ కూర్చుంది. పరీక్ష రోజు కాంపౌండరు ఊదే గొట్టం మీది సూది ఎక్కడ ఆగితే అక్కడి అంకె వెయ్యకుండా దగ్గర్లోని యాభైకి సర్దాడు. రెండు వందల యాభై, మూడు వందలు, మూడు వందల యాభై. అందువల్ల మూడు వందలు ఊదినవాళ్లే తొంభై ఏడుగురు ఉన్నారు. ఆమె ఫంక్షనేమో అందర్నీ ఊపిరి వరుసలో నిలబెట్టి ఎనిమిది సమానమైన ముక్కలు కోస్తుంది. కోత ఆ తొంభై ఏడుగురి మధ్యన పడింది. ఒకే ఊపిరి ఉన్న మనుషుల్లో ఎవరు కింది ముక్కలోకి, ఎవరు పై ముక్కలోకి? ఫైలులో ముందున్నవాళ్లు కిందికి, వెనకున్నవాళ్లు పైకి. ముందు నలభై మంది తక్కువ ఊపిరి ముక్కలో పడ్డారు. తర్వాతి యాభై ఒక్కమంది దాని పైముక్కలో. చివర మిగిలిన ఆరుగురు ఇంకా పైన, మంచి ఊపిరి ఉన్నవాళ్లతో కలిసి.

ఫైలులో చివర ఉన్నది ఎవరు? ఆ రోజు కార్డులు హాలు హాలుగా కట్టలు కట్టి పంపారు. దూది ఏకే హాలు కట్ట అన్నిటికంటే ఆఖరున వచ్చింది. యంత్రాలు ఆపకుండా వాళ్లను ఒక్కొక్కరినే వదిలారు కాబట్టి వాళ్లు సాయంత్రం గానీ ఊదలేకపోయారు. కట్టలు వచ్చిన వరుసలోనే చుక్కలమ్మ కంప్యూటర్లోకి ఎక్కించింది. ప్రతి కోత దగ్గరా అదే జరిగింది. దూదిలో పనిచేసేవాళ్లు మెట్టు మెట్టుకూ పైకి, ఆరోగ్యం వైపుకు జరిగిపోయారు. దుమ్ము చేసిన పని ముక్క ముక్కకూ కొంచెం కొంచెం చెరిగిపోయింది. చెరిగిన చోట పొయ్యి నిలబడింది.

ఆఖరి ఆరుగురి కార్డు నంబర్లు ఆమె వేలు పెట్టి చదివింది. మూడు వందల ఎనభై ఎనిమిది. ఇరవై ఏడేళ్లు, దూది ఏకే హాలు, పొగాకు లేదు, ఊపిరి మూడు వందలు. కార్డు మీద పేర్లుండవు. ఆ కార్డు ఎవరిదో ఆమెకు తెలుసు. ఊదివచ్చిన సాయంత్రం పిట్ట, “మూడు వందలొచ్చింది వదినా, మంచిదేనా?” అని అడిగింది.

ఒకే అంకె ఉన్నవాళ్లను విడదీయకుండా ఒకే ముక్కలో ఉంచేలా ఆమె రెండు వరుసలు మార్చి నడిపింది. ముక్కలు ఎనిమిది కాలేదు, ఆరే అయ్యాయి, పెద్దవీ చిన్నవీ. ఫైలును ఎటు తిప్పినా జవాబు ఒకటే వచ్చింది. దూది ఏకే హాలు. పొయ్యి నాలుగో స్థానానికి దిగిపోయింది.

ఆమె కాగితాలు తీసుకుని పెద్దసారి గదికి వెళ్లింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివారు.

“ఈ ముక్క రాసింది ఎవరమ్మా?”

“నేనే సార్. ముక్కలు సమానంగా ఉండాలి, ఒక్క మనిషికి మించి తేడా రాకూడదన్నారు మీరు. ఒకే అంకె వాళ్లు వస్తే ఏం చెయ్యాలని అడిగాను.”

“నేనేమన్నాను?”

“ముందొచ్చినవాళ్లు ముందు అన్నారు సార్.”

“అన్నానా?” ఆయన కిటికీ వైపు చూశారు. “గుర్తులేదమ్మా.”

అబద్ధం చెబుతున్నట్టు లేదు. నిజంగానే గుర్తులేనట్టుంది. ఆమెకు మాత్రం ఆ రోజు ఆయన తాగుతున్న టీ మీద కట్టిన మీగడ కూడా గుర్తుంది.

“దిద్దుదాం. తప్పకుండా దిద్దుదాం,” అన్నారాయన. “శుక్రవారానికల్లా దిద్దుబాటు వేస్తాను. మిల్లుకీ ఒక ప్రతి పంపుతాను. అప్పటిదాకా మాట ఈ గది దాటకూడదు. మీ మరదలు అక్కడే కదూ పని? ముఖ్యంగా ఆ పిల్లతో అనకు. సగం సంగతి వెళ్తే వాళ్లు పని మానేసి గేటు ముందు కూర్చుంటారు. మిల్లువాళ్లు రేపు పూర్తి సంగతిని కూడా నమ్మరు. నాలుగు రోజులే కదా. ఉంటావా మాట మీద?”

ఆమె ఎనిమిదేళ్లలో ఆయనకు కాదని చెప్పింది లేదు. కొత్తగా ఎలా చెప్పాలో తెలియలేదు.

“ఉంటాను సార్.”

*

మంగళవారం పిట్ట మొదటి షిఫ్టు దిగి మూడు గంటలకే ఇల్లు చేరింది. చుక్కలమ్మ తలనొప్పని చెప్పి ముందే వచ్చేసి గడప మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. పిట్ట చెప్పులు విడవకుండానే పక్కన కూలబడింది. ఊపిరి కుదురుకునేదాకా మాట్లాడలేదు. మూల మలుపు నుంచి ఇంటికి వంద అడుగులుండవు.

“వదినా, ఒక మాట చెప్పు. ప్యాకింగ్ గదిలో ఒక చోటు ఖాళీ అయింది. ముసలాయన మానేశాడు. మా హాలులో పాతదాన్ని నేనే కాబట్టి ముందు నన్నడిగాడు మేస్త్రీ. రేపు పొద్దున్న చెప్పాలి.”

చుక్కలమ్మ చేతిలో కత్తి ఆగింది. ప్యాకింగ్ గదికి పెద్ద కిటికీలు, మడత పెట్టిన బట్ట, అట్టపెట్టెలు. ఆ గదిలో దూది ఎగరదు.

“మరి... వెళ్తావా?”

“అదే కదా అడుగుతున్నా. నేను వద్దంటే మా హాలులో నా తర్వాత పాతదైన బొద్దమ్మకి వెళ్తుంది. దాని మోకాళ్లు చూశావుగా, ఇలా ఇలా బల్ల పట్టుకుని నడుస్తుంది.” పిట్ట కూర్చున్నచోటే బొద్దమ్మ నడక చేసి చూపించింది. ఆ చూపించడానికే దగ్గొచ్చింది. “ప్యాకింగ్‌లో కూర్చుని చేసే పని. దానికిస్తే పుణ్యం కదా. కానీ ముందు ఈ దగ్గు సంగతి చూసుకోవాలి. దుమ్ము వల్లే అయితే నేనే వెళ్తాను, నాకేం సిగ్గు లేదు. పొయ్యి వల్లే అయితే నాకెక్కడైనా ఒకటే. నువ్వు చెప్పు.”

“నేనేం చెప్తాను పిట్టా. నీ ఇష్టం.”

“నా ఇష్టం నాకు తెలుసులే. మీ లెక్క ఏమంటోందని అడుగుతున్నా.”

చుక్కలమ్మ దుంపను గిన్నెలో వేసి ఇంకోటి తీసుకుంది. అది చెక్కు తీసినదే. అయినా తియ్యడం మొదలుపెట్టింది. ఉంటాను సార్ అన్న తన గొంతు తనకే వినిపించింది. శుక్రవారం వస్తే అందరికీ తెలుస్తుంది, హాలుకే గొట్టాలు వస్తాయి, అప్పుడు ఒక్క పిట్టే కాదు అందరూ బాగుపడతారు, ఈ ఒక్క చోటు కోసం మాట తప్పడమెందుకు అనుకుంది. అనుకున్నది బాగానే ఉంది.

“నివేదికలో ఉన్నదే కదా,” అంది.

“పొయ్యేనా?”

“ఊఁ.”

“అయితే సరే.” పిట్ట ఆమె భుజం మీద గడ్డం ఆనించి, “ఏంటలా ఉన్నావు? ఆ దుంపనెందుకలా చిత్రవధ చేస్తున్నావు పాపం, అదేమన్నా మా అన్నయ్యా?” అంది.

చుక్కలమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

“తలనొప్పి,” అంది.

“ఉండు, టీ పెడతా,” అని పిట్ట లేచి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి వెళ్లింది. రేకు కింద పొయ్యి దగ్గర కూర్చుని ఊదుతూ అది దగ్గుతుంటే, చుక్కలమ్మ ఆ దగ్గులు ఎన్నో లెక్కపెట్టకుండా ఉండటానికి ప్రయత్నించింది.

*

బుధవారం ఆమె దిద్దిన ఫంక్షన్‌ను పన్నెండు రకాల ఫైళ్ల మీద పరీక్షించింది. ఒకే అంకె అందరికీ ఉన్న ఫైలు, ఒక్కడే మనిషి ఉన్న ఫైలు, ఖాళీ ఫైలు. ప్రతిదాని కింద ఏం జరగాలో, ఏం జరిగిందో రాసింది. పని చేస్తున్నంతసేపూ మనసు కుదురుగానే ఉంది. పదకొండు గంటలకు రికార్డుల గుమాస్తా చీటీ పట్టుకుని వచ్చాడు.

“చుక్కలమ్మా, నీ పూర్తి పేరేంటి? ఇంటిపేరుతో సహా. ఎనిమిదేళ్లు చుక్కలూ చుక్కలూ అని పిలిచి అసలు పేరు అడగలేదు, సిగ్గుచేటు.”

“ఎందుకు?”

“పెద్దసారు అడుగుతున్నారు. ప్రోగ్రామ్ కొత్త ప్రతితో పాటు వెయ్యడానికట. ఇన్నాళ్లకి నీకూ ఓ వాటా!” అని కన్ను గీటాడు. “స్వీటు మాట మర్చిపోకు.”

ఆమె చీటీ తీసుకుంది. పెన్ను రెండుసార్లు కాగితం చివర గీసి చూసుకుని, పిల్లలు పరీక్ష పేపరు మీద రాసినట్టు ఒక్కో అక్షరమూ ఆపి ఆపి రాసింది. ఇంటిపేరు, పేరు. చీటీ ఇచ్చేశాక కూడా ఆ చెయ్యి కొంచెంసేపు అలాగే బల్ల మీద ఉంది.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ ఎలా చెప్పాలో కూర్చుకుంది. శుక్రవారం కాగితం పిట్ట చేతిలో పెట్టాలి. ఇది చదువు అనాలి. తప్పు పట్టుకున్నది ఎవరో చూడు అనాలి. పిట్ట ఎగిరి గంతేస్తుంది, దగ్గుతుంది, మళ్లీ గంతేస్తుంది.

ఇంట్లో పిట్ట అన్నయ్యతో సైకిలు బెల్లు కోసం దెబ్బలాడుతోంది. ఈమెను చూడగానే, “ఇచ్చేశా వదినా, బొద్దమ్మకి ఇచ్చేశా,” అంది. “ఏడ్చేసింది పిచ్చిది. నా చేతులు పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. మేస్త్రీ అప్పుడే కాగితంలో ఎక్కించేశాడు.”

“మంచి పని చేశావు,” అన్నాడు అన్నయ్య.

అత్తగారు మాత్రం కూతురి మొహం కేసి, కోడలి మొహం కేసి చూసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

చుక్కలమ్మ లోపలికి వెళ్లి మొహం కడుక్కుంది. రెండు రోజులు, అనుకుంది. ఇంకెంత, రెండు రోజులు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రోగ్రామ్ కొత్త ప్రతి బయటికొచ్చింది. ఆమె ముందు రచయితల పేజీ తెరిచింది. పెద్దసారి పేరుంది. ఆయన పేరు కింద ఖాళీ ఉంది. ఆమె ఇంకా కిందికి జరిపింది. ఇంకేమీ లేదు. పేజీ సరిగా రాలేదేమోనని మూసి మళ్లీ తెరిచింది.

తర్వాత దిద్దుబాటు కాగితం చూసింది. ఒకే పేజీ. మిల్లు నివేదికలోని మొదటి ఫలితం సరైనది కాదని, దూది ఏకే హాలులో పనికి ఊపిరి తగ్గడానికి బలమైన సంబంధం ఉందని స్పష్టంగానే రాశారు. ఆఖరి పేరాలో ఇలా ఉంది: ‘ఈ దోషం ప్రధాన పద్ధతిలో లేదు. ఒక సహాయక ఫంక్షన్‌లో ఉన్నట్టు సోమవారం గుర్తించబడింది. ఆ ఫంక్షన్‌ను రాసినవారు’ అని, ఆ తర్వాత ఆమె పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

అచ్చులో తన పేరు చూసిన మొదటి క్షణం ఆమెకు సంతోషమే కలిగింది. ఆ సంగతి తర్వాత ఎవరితోనూ చెప్పలేదు. ఆ ఒక్క క్షణం గడిచాక వాక్యం మొత్తం అర్థమైంది.

గుమాస్తా తన బల్ల దగ్గర తలొంచుకుని ఉన్న కాగితాలనే మళ్లీ సర్దుతున్నాడు. ఆమె అతన్ని దాటుకుని పెద్దసారి గదికి వెళ్లింది.

“సార్, నా పేరు...”

“అవునమ్మా. ఎవరు ఏది రాశారో బయటికి చెప్పడం మంచి పద్ధతి. దాపరికం ఉండకూడదు.”

“మరి మిగతా ఇరవై రెండూ కూడా నేనే రాశాను సార్.”

పెద్దసారు నిజంగానే అర్థంకానట్టు చూశారు.

“వాటిలో తప్పేమీ లేదు కదమ్మా,” అన్నారు.

ఆయన ఫోను మోగింది. తీస్తూ కూర్చోమని చెయ్యి ఊపారు, ఆమె కూర్చోలేదు. బయటికి వచ్చి, కంప్యూటరు కట్టేసి, సంచి తగిలించుకుని వెళ్లిపోయింది. ఎవరి అనుమతీ అడగకుండా వెళ్లడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. అత్తగారు ముందు గదిలో గోడకానుకుని కూర్చుని ఉంది. చేతిలో పని లేకుండా ఆవిడ అలా కూర్చోవడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

“లోపలుంది. వచ్చి అరగంటైంది. మాట్లాడటం లేదు,” అంది. ఆగి, “నీ పేరు మిల్లు గోడ మీద అంటించారట కదమ్మాయ్,” అంది.

పిట్టది వంటింటి పక్కనున్న చిన్నగది. మంచం, మేకులకు తగిలించిన బట్టలు. పిట్ట మంచం అంచున కూర్చుని ఉంది. జుట్టు దులుపుకోలేదు. తల మీద, భుజాల మీద తెల్లగా అలాగే ఉంది. చుక్కలమ్మ గడప దగ్గర ఆగింది.

“ఎలా వేశారో చూశావా పిట్టా? ఆయన చెప్పినట్టే రాశాను నేను. తప్పు కనిపెట్టింది కూడా నేనే. ఇన్నేళ్లు ఎక్కడా వెయ్యని పేరు...”

“సోమవారమా వదినా?”

“ఏంటి?”

“కాగితంలో సోమవారం గుర్తించారని ఉంది. మేస్త్రీ అందరికీ గట్టిగా చదివి వినిపించాడు. మా తప్పేం లేదు, లెక్క రాసినావిడ తప్పు, వచ్చే ఏడు మళ్లీ చూద్దామన్నాడు. తర్వాత నా వైపు చూశాడు, అందరూ చూశారు. అది కాదు నేను అడిగేది. సోమవారమేనా?”

చుక్కలమ్మ తలుపు చెక్క మీద చెయ్యి వేసింది.

“సోమవారమే. చెప్పొద్దన్నారు. మాటిచ్చాను.”

“నేను మంగళవారం అడిగాను కదా.”

“శుక్రవారానికి అందరికీ తెలుస్తుంది కదా అని... హాలుకే గొట్టాలు వస్తాయనుకున్నాను. ఇప్పుడైనా మేస్త్రీతో మాట్లాడదాం. బొద్దమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు...”

“బొద్దమ్మ మాట ఎత్తకు,” అంది పిట్ట. గొంతు పెరగలేదు. దగ్గు వచ్చింది. నోటికి పమిట అడ్డం పెట్టుకుని, అది అయ్యేదాకా ఆగింది. చుక్కలమ్మ నీళ్లు తేవడానికి కదలబోతే వద్దని తల ఊపింది.

“తెలిసుంటే కూడా దానికే ఇచ్చేదాన్నేమో,” అంది తర్వాత. “నా సంగతి నీకు తెలుసు కదా, ఇచ్చేదాన్నే. అప్పుడు అది నేను ఇచ్చినట్టుండేది వదినా. ఇప్పుడు నువ్వు ఇచ్చినట్టుంది.”

చుక్కలమ్మ వారమంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు. తనకు జరిగిన అన్యాయం చెప్పుకోవడానికి ఆమె బస్సు దిగి ఇంటిదాకా దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. వినే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంటుందని నమ్మి వచ్చింది.

“పిట్టా,” అంది.

పిట్ట లేచింది. లేవగానే మంచం కోడు పట్టుకుని ఊపిరి తీసుకుంది. గడప దాకా నాలుగడుగులు వేసి, వదిన మొహంలోకి చూసింది. కళ్లలో కోపం ఉండి ఉంటే చుక్కలమ్మ ఓర్చుకునేది. కోపం లేదు. కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది.

“రేపు మొదటి షిఫ్టు నాకు. పడుకోవాలి,” అంది. “చెయ్యి తియ్యండి.”

వదినతో అది ఎప్పుడూ అలా మాట్లాడలేదు. చుక్కలమ్మ చెయ్యి తీసింది. పిట్ట చప్పుడు కాకుండా, నెమ్మదిగా తలుపు మూసేసింది.